మైనస్ రెండు సెకన్లు

కాలేజీ గేటు ఎదురు మేడ, రెండో అంతస్తు
జూలై 12

అత్తా,

ఫోనులో నువ్వు "ఆఁ? ఏంటీ?" అని, నేను "చెవిమిషను పెట్టుకో" అని, వీధి వీధంతా వినేలా అరుచుకోవడం కన్నా ఇదే నయం. పైగా ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ఉద్యోగంలో చేరాను. రెండేళ్ళలో ఇది మూడోది. బస్సెక్కిస్తూ నాన్న, "ఇక్కడైనా కుర్చీ వేడెక్కేదాకా కూర్చో తల్లీ" అన్నాడు. నిలబడి చెప్పే ఉద్యోగం నాన్నా అన్నాను. నవ్వలేదు.

నలభై మందికి కట్టిన గదిలో ఎనభై నలుగురు. ఫ్యాను రెగ్యులేటరు మీద అయిదు అంకెలున్నాయి, అన్నింటికీ వేగం ఒకటే. ఆ ఫ్యానుతోనే ఫిజిక్స్ మొదలుపెడదామనుకున్నాను. నోరు తెరిచేలోపే ఎనభై నలుగురూ ఒక్కసారి జేబుల్లోంచి, పౌచుల్లోంచి ఒక కార్డు తీసి బెంచీల మీద పెట్టారు. అరచేయంత ఉంది, లామినేషన్ చేసింది. అటూ ఇటూ కలిపి నలభై ఒక్క సూత్రాలు. కాలేజీలో చేరిన రోజే ఇస్తారట, గుర్తింపు కార్డుతో పాటు. ఈ ఊళ్ళో ఫిజిక్స్ అంటే అదే. లెక్కలో ఏ అక్షరాలున్నాయో చూడు, ఆ అక్షరాలున్న సూత్రం వెతుకు, అంకెలు పెట్టు, అయిపోయింది.

పడే వస్తువులకి అందులో రెండు గడులు. ఒకదానిపైన "కిందకి", రెండోదానిపైన "పైకి". కిందకి అయితే ప్లస్, పైకి అయితే మైనస్.

"రాయి పైకి విసిరితే, వెళ్ళి మళ్ళీ కిందకి వస్తుంది. ఏ గడి?" అని అడిగాను.

"సగం ఆ గడి, సగం ఈ గడి మేడమ్."

"మరి పైన, మలుపు దగ్గర?"

వెనక బెంచీ నుంచి ఒక గొంతు: "మలుపు సిలబస్‌లో లేదు మేడమ్."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొత్తం కార్డులు వసూలు చేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ నెలంతా సూత్రం లేదు, అంకె లేదు, చూడటం, మాట్లాడటం మాత్రమే అన్నాను. ఆ కార్డు రాసిన మహానుభావుడెవరో గానీ అత్తా, ఫిజిక్స్‌ని చంపి, పాడవకుండా లామినేషన్ చేశాడు. కనపడితే రెండు మాటలు అడుగుతాను.

నీ
చిటపట

*

వీధి చివరి ఇల్లు, కిటికీ పక్క
జూలై 21

చిటపటా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు బాగున్నావని ఎక్కడా రాయలేదు, కోపంగా ఉన్నావు కాబట్టి బాగానే ఉండి ఉంటావు.

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఒక మాట అంటాను, ఉడుక్కోకు. అంకెలు లేకుండా నెల రోజులేమిటే? "రాయి త్వరగా పడింది" అని వాళ్ళంటారు. ఎంత త్వరగా? "బాగా త్వరగా" అంటారు. అప్పుడేం చేస్తావు? చప్పట్లు కొడతావా? సూత్రం బట్టీ పట్టిన పిల్లకి రాయి కనపడదు, ఒప్పుకుంటాను. కానీ అంకె లేని పిల్లకి రాయి కనపడుతుంది, అంతే. ఆ తర్వాత ఏముంటుంది?

ఒక పని చెయ్యి. ఒక ఎత్తు నుంచి బంతి వదలమను. దానికి రెట్టింపు ఎత్తు నుంచి వదిలితే ఎంతసేపు పడుతుందో ముందే చెప్పించు. తర్వాత కొలవమను. ఏమవుతుందో నాకు రాయి.

ఇంకో సంగతి. ఆ కార్డు గులాబీ రంగులో ఉంటుందా? వెనకవైపు చివర ఏదైనా రాసి ఉందా? ఊరికే అడుగుతున్నాను.

కార్డు రాసినవాళ్ళకి అప్పుడు ఏం తొందర వచ్చిపడిందో మనకేం తెలుసు. ఒక్కో మాట కాస్త చూసుకుని అను.

అత్త

*

మేడ, రెండో అంతస్తు
ఆగస్టు 8

అత్తా,

నువ్వే గెలిచావు, తీసుకో.

మా కాలేజీకి నాలుగు అంతస్తులు, మధ్యలో మెట్లు చుట్టు తిరుగుతూ బావిలాంటి ఖాళీ. కింద సుద్దముక్కతో వృత్తం గీశాను. ల్యాబ్ అటెండరుగారిని అక్కడ కాపలా పెట్టాను. రిటైరవడానికి ఏడాది ఉన్న మనిషి. "ఇది చదువా మేడమ్, ఆటా?" అని గొణిగాడు. పదో బంతికల్లా ఆయనే, "ఏయ్, చెయ్యి బయటికి పెట్టి వదులు, గోడకి తగులుతోంది!" అని కేకలు.

ముందు ఓటింగు పెట్టాను. రెట్టింపు ఎత్తుకి రెట్టింపు సమయం అని ఎనభై ముగ్గురు చేతులెత్తారు. ఒక్క పిల్ల ఎత్తలేదు. క్లాసులో దాన్ని "డౌటు" అంటారు. చెయ్యి ఎందుకెత్తలేదంటే, "ఇంకా చూడలేదు కద మేడమ్" అంది.

ఒక్కో అంతస్తు నుంచి ఇరవైసార్లు వదిలి సగటు తీశాం. స్టాప్‌వాచ్ నొక్కే బొటనవేలు కూడా ఆలస్యం చేస్తుందని అందులోనే నేర్చుకున్నాం. ఒకటో అంతస్తు: దాదాపు 0.8 సెకను. రెండో అంతస్తు 1.6 రావాలి కదా, 1.15 దగ్గర ఆగింది. క్లాసు గోల గోల. "వాచీ తప్పు!" "బంతి తప్పు!" నాలుగో అంతస్తుకి వెళ్ళాకే వచ్చింది 1.6. నేను నోరు మూసుకుని నిలబడ్డాను, ఎంత కష్టమైందో నీకు తెలుసు. డౌటు మెట్టుమీద కూర్చుని ఆ మూడు అంకెల్నీ చూసి, చూసి, "ఎత్తు నాలుగు రెట్లయితే సమయం రెండు రెట్లు. అయితే ఎత్తుని కాదు మేడమ్, సమయాన్ని సమయంతో గుణించి చూడాలి" అంది. వర్గం! వాళ్ళకై వాళ్ళు తవ్వి తీశారు అత్తా. అంకెలు లేకపోతే ఆ మాట దానికి తట్టేదే కాదు. నా నెల రోజుల వ్రతం అక్కడితో సరి.

అప్పుడే ప్రిన్సిపాల్ మెట్లెక్కబోయాడు. అటెండరుగారు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి సార్, ఇంకా మూడున్నాయి" అన్నాడు. ప్రిన్సిపాల్ ఆగాడు. మూడు బంతులూ పడేదాకా ఆగాడు. ముఖం మాత్రం చెప్పనలవి కాదు.

ఆ వారమే నెల పరీక్ష. కార్డులు బీరువాలో ఉన్నాయి కదా. ఎనభై నలుగురిలో అరవై ఒక్కరు తప్పారు.

ప్రిన్సిపాల్ పిలిచాడు. బల్లమీద ఒక హామీపత్రం. "ఇకపై కార్డు ప్రకారమే బోధిస్తాను" అని నేను సంతకం పెట్టాలి. అర్ధసంవత్సరం పరీక్షల దాకా గడువు. ఆ తర్వాతా పెట్టకపోతే మనిషిని మారుస్తారట.

"కార్డు నీకు వేళాకోళంగా ఉందమ్మా" అన్నాడు. "నేను పగలు గోడౌన్‌లో మూటలు మోసి, సాయంత్రం బడికి పోయి చదివాను. అయిదు వారాల్లో పరీక్ష. ఆ బళ్ళో చేత్తో రాసిచ్చిన ఈ కార్డే నన్ను గట్టెక్కించింది. అది లేకపోతే ఇవాళ్టికీ నా భుజం మీద మూట ఉండేది."

"సార్, మూట దించుకున్నారు, సంతోషం. పిల్లల నెత్తిన కార్డు పెట్టారు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ అన్నందుకు బాధ లేదు.

నువ్వడిగిన ముక్క: అవును, గులాబీ రంగే. నీకెలా తెలుసు? వెనక చివర ఇలా ఉంది: "వర్గ సమీకరణంలో ఋణ విలువ వస్తే కొట్టేయండి. భయపడొద్దు, ప్రతిక్షేపించండి." ప్రతిక్షేపించాలట! పిల్లల చేత అంకెలు పెట్టించి ధైర్యం చెబుతున్నాడు మహానుభావుడు.

నీ
చిటపట

*

వీధి చివరి ఇల్లు
ఆగస్టు 16

చిటపటా,

మహానుభావుడు కాదు. మహానుభావురాలు. ఆ కార్డు నాది.

గోడౌన్ పైగదిలో సాయంత్రం బడి. నువ్వు పుట్టడానికి మూడేళ్ళ ముందు. నేను లెక్కలకి మాత్రమే వెళ్ళేదాన్ని. పరీక్షకి అయిదు వారాలుందనగా ఫిజిక్స్ మాస్టారు మానేసి వెళ్ళిపోయాడు. ముప్పై రెండు మంది. వాళ్ళ చేతులు చూస్తే నీకు అర్థమయ్యేది, పెన్ను పట్టుకుంటే పెన్నే భయపడేట్టుండేవి. మైనస్ గుర్తు చూస్తే వణికేవాళ్ళు. అందుకే "పైకి", "కిందకి" అని గడులు విడగొట్టాను. మూటల మీద అంటించే చీటీల కాగితం మిగిలితే దానిమీదే రాశాను, అది గులాబీ రంగు. ఇరవై తొమ్మిది మంది పాసయ్యారు. సిగ్గుపడను. ఆ అయిదు వారాలు మళ్ళీ వచ్చినా అదే కార్డు రాస్తాను.

మీ ప్రిన్సిపాల్ ఎవరో నాకు తెలిసింది. మొదటి వరసలో కూర్చునేవాడు. రాయి లెక్కలో మైనస్ జవాబు వస్తే, "టీచర్, ఇది కూడా జవాబే కదా, ఎందుకు కొట్టెయ్యాలి?" అని ఒకసారి అడిగాడు. టైము లేదు, కొట్టెయ్ అన్నాను. కార్డుమీద ఆ లైను అప్పుడే చేర్చాను.

నీకు ముందే చెప్పాల్సింది. నీ మాటలు పదునుగా ఉన్నాయి, చదవడానికి బాగున్నాయి, అందుకని ఊరుకున్నాను.

నీ మెట్లబావి గొప్పది. నీ అరవై ఒక్కమంది సంగతేమిటి?

అత్త

*

మేడ, రెండో అంతస్తు
ఆగస్టు 27

గౌరవనీయులైన మేనత్తగారికి,

మీ ఉత్తరం అందినది.

కార్డు మీరు రాసినందుకు నాకు కోపం లేదు. అయిదు వారాల కోసం రాసినది ఇరవై ఎనిమిదేళ్ళు నడిచింది, అందులో మీ తప్పు సగమే. నెల రోజులు నన్ను తిట్టనిచ్చి, కిటికీ పక్కన కూర్చుని నవ్వుకున్నారు చూడండి, దానికి.

ఒక్క షరతు. మీరు ప్రిన్సిపాల్‌గారికి ఒక్క అక్షరం రాసినా, మా మేనకోడలమ్మాయి అని ఒక్క ముక్క చేరవేసినా, ఆ రోజే నేను పెట్టె సర్దుకుంటాను. ఈ ఉద్యోగం నిలబడితే నావల్ల నిలబడాలి. పోతే నావల్ల పోవాలి.

అరవై ఒక్కమంది సంగతి అడిగారు. నాకూ నిద్రపట్టని సంగతి అదే. సాయంత్రాలు గంట ఎక్కువ కూర్చోబెడుతున్నాను. మీ రెండు గడులూ తీసేశాను. "పైకి ప్లస్ అని మీరే నిర్ణయించుకోండి, తర్వాత మాట తప్పకండి" అన్నాను. ఒక్క సమీకరణంతోనే రాయి పైకి వెళ్ళి, మలుపు తిరిగి, కిందకి వచ్చేస్తోంది. మలుపు సిలబస్‌లోకి వచ్చింది.

నిన్న ఈ లెక్క ఇచ్చాను. నలభై మీటర్ల డాబా అంచు నుంచి సెకనుకి పది మీటర్ల వేగంతో రాయిని పైకి విసిరాం, నేలకి ఎప్పుడు తగులుతుంది? జవాబులు రెండు వస్తాయి. నాలుగు సెకన్లు, మైనస్ రెండు సెకన్లు. కార్డులు బీరువాలోనే ఉన్నాయి, అయినా డెబ్భై మంది ఆలోచించకుండా మైనస్ రెండు మీద అడ్డగీత కొట్టారు. చేతులకి అలవాటైపోయింది. డౌటు మాత్రం లేచి, "కొట్టేయడానికి కారణం ఏం రాయాలి మేడమ్?" అంది.

నాకు వెంటనే తట్టలేదు. రేపు చెబుతానన్నాను. గదికి నడుస్తూ, సైకిళ్ళ షాపు దగ్గర ఆగిపోయాను. అర్థమైంది. మీకు వివరించక్కర్లేదు కదా, ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవారు.

ఇట్లు,
మీ మేనకోడలు

*

వీధి చివరి ఇల్లు
సెప్టెంబరు 4

చిటపటా,

"అందినది" అట. "ఇట్లు" అట. కోపంలో కూడా నీకు వ్యాకరణం కుదిరింది, సంతోషం.

రాయను. మాటిచ్చాను.

రెండోది. మైనస్ రెండు సంగతి నాకు తెలియదు. అప్పుడూ తెలియదు. టైము లేదు అన్నది అబద్ధం. లెక్క చెయ్యడం వచ్చు, మూలాలు రెండూ తీయడం వచ్చు, కానీ ఆ రెండోదానిలో రాయి ఎక్కడుందో నాకు తెలియలేదు. ఫిజిక్స్ నేనెప్పుడూ చదవలేదు, పుస్తకం ముందు పెట్టుకుని చెప్పాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, పగలంతా మూటలు మోసి వచ్చినవాడు, నా కళ్ళలోకి చూసి అడిగితే తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. గద్దించి కూర్చోబెట్టాను. మళ్ళీ పరీక్షల దాకా వాడు ప్రశ్న అడగలేదు.

ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నీకైనా మొన్నటి ఉత్తరంలోనే చెప్పాల్సింది, అప్పుడూ నోరు రాలేదు.

నువ్వు నన్ను తిట్టిన తిట్లన్నీ తప్పు కాదు. కానీ ఆ రాయి ఎక్కడుందో చెప్పు. బతిమాలుతున్నాను అనుకో.

అత్త

*

మేడ, రెండో అంతస్తు
అక్టోబరు 24

అత్తా,

నెలన్నర పట్టింది, తిట్టు. నీ ఉత్తరం చదివిన రోజే జవాబు రాయబోయి ఆపాను. రేపు చెబుతానన్న జవాబుని పిల్లల చేతే వెతికిస్తున్నాను, వాళ్ళ నోట విన్నాక నీకు చెబుదామనుకున్నాను. వరసగా విను.

అర్ధసంవత్సరం ఫలితాలు వచ్చాయి. మావాళ్ళు ఎనభై నలుగురిలో యాభై రెండు మంది పాస్. పక్క సెక్షన్, కార్డుతో చదివినవాళ్ళు, ఎనభైకి అరవై ఆరు. ఓడిపోయాను, దాచను. కానీ పేపర్లో ఒక లెక్క ఉంది, డాబామీంచి పైకి విసిరే రకం. పక్క సెక్షన్‌లో ముగ్గురు చేశారు. మావాళ్ళు నలభై ఒక్కరు.

ప్రిన్సిపాల్ హామీపత్రం ముందుకి తోశాడు. పెన్ను మూత కూడా ఆయనే తీశాడు.

"సార్, సంతకానికి ముందు ఒక్క పీరియడ్ వచ్చి కూర్చోండి" అన్నాను.

"కూర్చుంటే పెడతావా?"

"పెట్టను. కానీ కూర్చోండి."

అలా అనగలనని నాకే తెలియదు. ఆయన పెన్ను మూత పెట్టేశాడు. మర్నాడు వచ్చాడు. వెనక బెంచీలో, మలుపు సిలబస్‌లో లేదన్నవాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బోర్డు మీద ఆ డాబా లెక్కే రాసి, డౌటుని పిలిచి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

అది సుద్దముక్కతో డాబా గీసింది. రాయి దారి గీసింది. నాలుగు, మైనస్ రెండు అని రెండు జవాబులూ రాసి, రెండోదాని చుట్టూ సున్నా చుట్టింది.

"సార్, మనం రాయి విసిరిన క్షణం సున్నా అనుకున్నాం. మైనస్ రెండు అంటే దానికి రెండు సెకన్ల ముందు" అంది. తర్వాత రాయి దారిని డాబా అంచు నుంచి వెనక్కి, కిందకి, నేలదాకా చుక్కలతో పొడిగించింది. "ఎవరో నేలమీంచి రెండు సెకన్ల ముందే, సెకనుకి ముప్పై మీటర్ల వేగంతో పైకి విసిరారనుకోండి. రెండు సెకన్లలో నలభై మీటర్లు ఎక్కుతుంది. డాబా అంచు దాటేటప్పటికి దాని వేగం సరిగ్గా పది. మనం విసిరిన రాయికీ దానికీ తేడా ఏం లేదు. సమీకరణానికి మన చెయ్యి కనపడదు సార్. అది రాయి దారినే చూస్తుంది. ఆ దారి నేలని రెండుచోట్ల తాకుతుంది కాబట్టి రెండూ చెప్పింది. మనం విసిరాక ఏమైందని అడిగారు కాబట్టి జవాబు నాలుగే. మైనస్ రెండు కొట్టెయ్యొచ్చు, కారణం రాసి."

ఫ్యాను తన ఒకే వేగంతో తిరుగుతోంది.

ప్రిన్సిపాల్ బెంచీలోంచి లేవడానికి కష్టపడ్డాడు, మోకాళ్ళు పట్టేశాయి. బోర్డు దాకా వచ్చి ఆ చుక్కల గీత కింద, నేలని తాకే చోట, వేలు పెట్టాడు. వేలికి సుద్ద అంటింది.

"నేనిది అడిగాను" అన్నాడు, నాతో కాదు, బోర్డుతో. "ఒకసారి అడిగాను."

బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. వరండాలో ఆగాడు. సంతకం మాట ఎత్తబోతున్నాడనుకుని నేనే ముందు అన్నాను: "పెట్టను సార్. ఇప్పుడూ పెట్టను. మనిషిని మార్చాలంటే మార్చండి, నేను మాత్రం మానను." రెండేళ్ళలో రెండు ఉద్యోగాలు వదిలేసినదాన్ని, వినడానికి నాకే కొత్తగా ఉంది.

"సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నాడు.

"జనవరికి."

"డిసెంబరుకి చెయ్యి. ఏప్రిల్‌లో చూద్దాం."

అంతే. కాగితం చింపలేదు, అది ఆయన బల్లమీదే ఉంది. నా చోట సంతకం లేదు.

ఇంక తప్పక చెప్పాను. ముందు చెబితే సిఫారసు అవుతుంది, చివరికీ చెప్పకపోతే దొంగతనమవుతుంది. "సార్, మీ టీచరమ్మ మా మేనత్త" అన్నాను. ఆయన వరండా స్తంభం పట్టుకున్నాడు. "ఉన్నారా?" అన్నాడు. ఉంది సార్, చెవులు తప్ప అన్నీ బాగున్నాయి అన్నాను. అడ్రసు అడిగాడు. నువ్వు నాకు చెప్పినది మాత్రం చెప్పలేదు. అది నీది.

అడ్రసు ఇచ్చినందుకు తిట్టుకో.

నీ
చిటపట

*

వీధి చివరి ఇల్లు
నవంబరు 6

నా చిటపటా,

తిట్టుకోను. వాడి ఉత్తరం నీ ఉత్తరం తర్వాత నాలుగు రోజులకి వచ్చింది. ఒక్క పేజీ. సగం పేజీ నా ఆరోగ్యం, తన పిల్లల చదువులు. నిన్ను గురించి ఒక్కటే మాట: "అమ్మాయికి నోరు ఎక్కువ." నువ్వు నా మేనకోడలివని వాడికి బాగా నమ్మకం కుదిరినట్టుంది. చివర ఇలా అడిగాడు: "టీచరుగారూ, మైనస్ రెండు అంటే ఏమిటో ఆ చిన్నపిల్ల చెబితే తెలిసింది. మీకు అప్పుడే తెలుసా?"

రెండు రోజులు ఆ ప్రశ్న కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. తెలుసు నాయనా, నీ మంచికే చెప్పలేదు అని రాస్తే వాడు సంతోషిస్తాడు. జన్మంతా నన్ను ఇంకాస్త ఎక్కువ గౌరవిస్తాడు. ఆ వాక్యం రాసి కూడా చూసుకున్నాను, దస్తూరీ బాగానే వచ్చింది. చింపేశాను.

ఇలా రాశాను: "తెలియదు. తెలియదని నీతో చెప్పడానికి సిగ్గుపడి నిన్ను గద్దించాను. నువ్వడిగినది మంచి ప్రశ్న. ఆ రోజు తెలియదని చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని వెతికేవాళ్ళం. నా కార్డు ఆ అయిదు వారాలకి రాసింది. ఇంక పిల్లలకి పంచకు, ఇది మీ టీచరు మాట." నీ ఉద్యోగం ఊసు ఎత్తలేదు, మాట తప్పలేదు. స్వయంగా వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను. వింటాడో వినడో వాడి ఇష్టం. నేను మాత్రం మళ్ళీ రాస్తాను, వినేదాకా రాస్తాను. పెన్షన్ మనిషిని, నాకేం తొందర.

నీ డాబా బొమ్మ గీసుకుని రాయిని వెనక్కి నడిపించాను. నిజంగానే నేలకి చేరింది. అరవై ఒకటో ఏట, పప్పుడబ్బా కింద పెట్టుకున్న చిత్తుకాగితం మీద. గట్టిగా నవ్వాను, పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది. రాయి దొరికిందండీ అన్నాను. పాపం, మూత్రపిండంలో అనుకుని కంగారుపడింది.

మీ క్లాసు పిల్ల డౌటుకి నా తరఫున చెప్పు, ఎవరు గద్దించినా కూర్చోవద్దని.

దీంతో పాటు ఒక కవరు పెట్టాను. మొట్టమొదటి కార్డు, చేత్తో రాసినది, నా దగ్గర ఒకటి మిగిలి ఉంది. గులాబీ రంగు వెలిసి తెల్లబడింది. చివరి లైను చూడు. "కొట్టేయండి" అన్న మాటని నిన్న నా పెన్నుతో నేనే కొట్టేసి, పక్కన కారణం రాశాను.

నీ క్లాసు గోడకి అంటించుకో. లామినేషన్ మాత్రం చేయించకు.

అత్త